పాత సర్వర్‌ను కొత్త డబ్బాలో లేపడం ఎట్లా?

నవంబరు నెల, ఆదోని మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరే రోజులు. ఒక జిన్నింగ్ మిల్లు నుంచి పొద్దున ఆరున్నరకు ఫోన్. "అన్నా, సర్వర్ లేయడంలే. కాటా కాడ బండ్లన్నీ నిలబడిపోయినాయి." కర్నూలు నుంచి పోయి మూత విప్పితే, పవర్ సప్లై ఫ్యాన్‌కు దూది పింజెలు దుప్పటిలా చుట్టుకొని ఉన్నాయి. ఫ్యాన్ ఆగి సప్లై కాలింది. పోతూ పోతూ బోర్డును కూడా వెంట తీసుకుపోయింది. తొమ్మిదేళ్ల నాటి మెషిన్. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీకి ఫోన్ చేసి ఆ బోర్డు అడిగితే అవతలాయన నవ్వాడు. నా దగ్గర వేరే కంపెనీ మెషిన్ ఒకటి సిద్ధంగా ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్కులో ముందురాత్రి బ్యాకప్ ఉంది. "బ్యాకప్ ఉంది కదప్పా, ఇంకేం?" అన్నాడు మిల్లు యజమాని.

బ్యాకప్‌లో ఉన్న ఫైళ్లతో పేచీ లేదు. పేచీ అంతా ఆ బ్యాకప్‌కు పాత మెషిన్ మీద ఉన్న జ్ఞాపకాలతో. డిస్కును ఏ కంట్రోలర్ (డిస్కుకూ మెషిన్‌కూ మధ్య ఉండే చిప్పు) ద్వారా చదవాలో, ఏ పద్ధతిలో బూట్ కావాలో, ఐపీ అడ్రస్ ఏ నెట్‌వర్క్ కార్డుకు కట్టి ఉందో అన్నీ దానికి గుర్తే. కొత్త డబ్బాలో ఆ మూడూ ఉండవు. వాటిని ఒక్కొక్కటిగా ఎలా మరిపించాలో చెబుతాను. మన జిల్లాల్లో చిన్న మిల్లులు, ఆసుపత్రులు, ఆఫీసుల్లో నాకు ఎక్కువగా తగిలేది విండోస్ సర్వర్, అందులోనే ఉండే విండోస్ సర్వర్ బ్యాకప్. అందుకని దాన్నే పట్టుకొని పోతాను. లైనక్స్ సంగతి చివర్లో కొంచెం.

ముందు: అసలు మొత్తం లేపాలా?

సర్వర్ మీద ఉన్నవి షేర్ ఫోల్డర్లు, ట్యాలీ డేటా మాత్రమే అయితే ఇమేజ్ రీస్టోర్ (విండోస్‌తో సహా మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు లేపడం) జోలికే పోవద్దు. కొత్త మెషిన్‌లో విండోస్ తాజాగా వేసి, అదే పేరు, అదే ఐపీ ఇచ్చి, బ్యాకప్‌లోంచి ఫోల్డర్లు తీసి పెడితే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. పాత చెత్త కూడా వెంట రాదు. ట్యాలీ లైసెన్సు మాత్రం పాత మెషిన్‌కు కట్టి ఉంటుంది. మెషిన్ చచ్చిపోయింది కాబట్టి సరెండర్ చేసే వీలు లేదు, లైసెన్సు రీసెట్ దారి పట్టాలి. ఆ సీరియల్ నంబరుకు ఏ ఈమెయిల్ ఇచ్చారో ముందే కనుక్కోండి. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసి పోయిన గుమస్తాది అయి ఉంటుంది.

మొత్తం లేపక తప్పనివి వేరు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సీడీ దొరకని పాత సాఫ్ట్‌వేర్, దాని కింద ఉన్న ఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఆఫీసు మొత్తానికి లాగిన్ ఇచ్చే డొమైన్ కంట్రోలర్. మిల్లులో కాటా సాఫ్ట్‌వేర్ రాసిన అబ్బాయి బెంగళూరులో ఎక్కడో ఉద్యోగంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఇక వేరే దారి లేదు.

బ్యాకప్‌ను తాకే ముందు

మొదటి పని కాపీ. మీ చేతిలో ఉన్నది ఒకే ఒక్క డిస్కు అయితే దానితో ప్రయోగాలు మొదలుపెట్టకండి. డిస్కు రూట్‌లో విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని యథాతథంగా ఇంకో డిస్కు రూట్‌లోకి కాపీ చేయండి. పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లో దాచినా రికవరీ దాన్ని చూడదు. 400 జీబీ ఉంటే యూఎస్‌బీ 3 మీద గంటో, గంటంబావో. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టారా, మూడున్నర గంటలు. ఆ రెండో కాపీని పని అయ్యాక ఇంకో ఇంట్లో పెట్టండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు, సర్వరూ దాని బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద పెట్టుకున్నవాళ్లకు రెండూ ఒకేసారి బురదలో తేలాయి.

షెడ్యూల్ కోసమని మొత్తం డిస్కునే బ్యాకప్‌కు అప్పగించి ఉంటే అది మామూలుగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనబడదు. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక అక్షరం ఇస్తే కనబడుతుంది. బ్యాకప్ నెట్‌వర్క్ షేర్‌కు పోతూ ఉంటే ఇంకో సంగతి. అక్కడ చివరిది ఒక్కటే ఉంటుంది, ప్రతి రాత్రీ పాతదాని మీదే రాస్తుంది. ఆఖరి బ్యాకప్ మధ్యలో కరెంటు పోయి ఉంటే మీ దగ్గర ఉన్నది సగం బ్యాకప్.

ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో తేదీతో ఇంకోటి, దానిలో ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో వీహెచ్‌డీఎక్స్ (డిస్కు నకలు) ఫైలు. 2008 ఆర్2 అయితే వీహెచ్‌డీ. వాటిలో ఈఎస్‌పీ అనే చిన్న ఫైలు ఉంటే పాత మెషిన్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అయ్యేదని అర్థం. లేకపోతే చాలావరకు పాత బయోస్ పద్ధతే. ఈ ఒక్క చూపుతో సగం రోజు మిగులుతుంది, ఎందుకో కిందికి పోయాక తెలుస్తుంది. లోపలి ఫైళ్లు చూడాలనిపిస్తే వీహెచ్‌డీఎక్స్‌ను రీడ్ ఓన్లీ టిక్కు పెట్టి మాత్రమే అటాచ్ చేయండి. టిక్కు మరిస్తే విండోస్ దానిమీద ఏదో ఒకటి రాస్తుంది, ఇమేజ్ చెడుతుంది.

ఒక కాగితం తీసుకొని ఇవి రాసుకోండి: పాత ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్, ఏ డ్రైవ్‌కు ఏ అక్షరం, షేర్ల పేర్లు, పాత డిస్కుల సైజులు, లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ. పాస్‌వర్డ్ దగ్గరే ఎక్కువమంది బొక్కబోర్లా పడతారు. రోజూ డొమైన్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లకు లోకల్ పాస్‌వర్డ్ ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. సర్వర్ లేస్తుంది, లోపలికి పోలేరు.

డిస్కు సైజు, బూట్ పద్ధతి

కొత్త డిస్కు పాత డిస్కు కంటే చిన్నది కాకూడదు. లెక్క అందులో నిండిన డేటాది అనుకోకండి, మొత్తం డిస్కుది. పాతది 1 టీబీ హార్డ్‌డిస్కు, అందులో వాడింది 120 జీబీ. కొత్తగా 960 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చారు. కుదరదు. సిస్టమ్ డిస్కుగా వాడదగ్గ డిస్కు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. ఆ మాట చదివి డ్రైవర్ లోపం అనుకొని గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. కాబట్టి డిస్కు తెప్పించేటప్పుడే ఒక సైజు పెద్దది చెప్పండి.

బూట్ పద్ధతి ఇంకా గట్టి గోడ. బయోస్ మెషిన్ ఇమేజ్‌ను యూఈఎఫ్‌ఐ మెషిన్ మీద రీస్టోర్ చేయబోతే, ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండి మెషిన్‌ను లేపే ప్రోగ్రాం) వేరు, కుదరదని విండోస్ ముఖం మీదే చెబుతుంది. కొత్త బోర్డు సెట్టింగుల్లో సీఎస్‌ఎం లేదా లెగసీ బూట్ (అంటే పాత బయోస్ పద్ధతి) ఉంటే అది ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేయండి. ఈమధ్య వచ్చే బోర్డుల్లో చాలావాటికి ఆ సదుపాయమే లేదు.

అదే సెట్టింగుల్లో ఇంకోటి చూడండి. ఇంటెల్ కొత్త మెషిన్లలో వీఎండీ అనే డిస్కుల సెట్టింగు ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ డిస్కు ఇన్‌స్టాలర్‌కు కనబడదు. రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడడం) అవసరం లేకపోతే దాన్ని ఆఫ్ చేసి వదిలేయండి, డ్రైవర్ వెతుకులాట తప్పుతుంది.

నా మాట వింటే నేరుగా ఎక్కించొద్దు

పాత సర్వర్ 2012 ఆర్2 అనుకోండి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబరు 10తో ముగిసింది. ఈరోజు కొన్న మెషిన్‌లోని నెట్‌వర్క్ కార్డుకు ఆ విండోస్ డ్రైవర్ ఉండకపోవచ్చు. 2008 ఆర్2 అయితే యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టిన కీబోర్డు కూడా పనిచేయదు.

అందుకే నేను కొత్త డబ్బాలో ముందు కొత్త విండోస్ సర్వర్ వేసి, అందులోనే ఉండే హైపర్-వి ఆన్ చేసి, లోపల ఒక వర్చువల్ మెషిన్ (మెషిన్‌లో మెషిన్) తయారుచేసి పాత బ్యాకప్‌ను అందులో లేపుతాను. పాతది బయోస్ అయితే జనరేషన్ 1, యూఈఎఫ్‌ఐ అయితే జనరేషన్ 2. పైన చెప్పిన గోడ ఇక్కడ ఒక్క క్లిక్కుతో కూలుతుంది. డిస్కు సైజు బాధ కూడా తీరుతుంది. పెరిగే రకం వర్చువల్ డిస్కు 1 టీబీ అని చెప్పి ఇస్తే, అసలు డిస్కు మీద అది తీసుకునేది రాసినంతే. బ్యాకప్ ఉన్న యూఎస్‌బీ హార్డ్‌డిస్కును హోస్ట్‌లో, అంటే అసలు మెషిన్‌లో, ఆఫ్‌లైన్ చేసి, వర్చువల్ మెషిన్‌కు ఫిజికల్ డిస్కుగా తగిలించాలి. మళ్లీ ఐదేళ్లకు ఈ డబ్బా పోయినా అప్పుడు చేయాల్సింది ఫైలు కాపీ, అంతే.

లైసెన్సు మాట కూడా అనుకోవాలి. పాత మెషిన్‌తో వచ్చిన ఓఈఎం విండోస్ ఆ మెషిన్‌తోనే పోతుంది. కొత్తగా కొన్న స్టాండర్డ్ ఎడిషన్‌తో, హోస్ట్‌ను హైపర్-వికే పరిమితం చేస్తే, రెండు వర్చువల్ సర్వర్లు నడుపుకోవచ్చు. వాటిలో పాత వెర్షన్ వేసుకునే హక్కూ ఉంటుంది.

మిల్లులో మాత్రం నేను నేరుగానే ఎక్కించాను. కాటాకు సీరియల్ పోర్టు కేబుల్ ఉంది, సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిలా పనిచేసే డాంగిల్ ఒకటి ఉంది. బండ్లు బయట నిలబడి ఉన్నప్పుడు వాటిని వర్చువల్ మెషిన్‌కు అలవాటు చేసే ఓపిక నాకు లేదు.

రీస్టోర్

పాత సర్వర్ ఏ వెర్షనో అదే వెర్షన్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ తీసుకోండి. కొత్త మెషిన్‌లో రీస్టోర్ కావలసిన డిస్కు, బ్యాకప్ డిస్కు తప్ప మిగతా డిస్కుల కేబుళ్లన్నీ పీకేయండి. నెట్‌వర్క్ కేబుల్ కూడా.

ఈ పీకడం గురించి నా మచ్చ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక ఆఫీసులో సిస్టమ్ డిస్కు మాత్రమే చెడింది, డేటా డిస్కు బాగుంది. రీస్టోర్ తెరమీద ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ డిస్క్స్ టిక్కు ఉంది, పక్కనే ఎక్స్‌క్లూడ్ డిస్క్స్ బటన్ ఉంది. ఆ బటన్ నొక్కకుండా ముందుకు పోయాను. బాగున్న డేటా డిస్కు తుడిచిపెట్టుకుపోయింది. డేటా బ్యాకప్‌లో ఉంది, కానీ ముందురోజుది. ఒక రోజు బిల్లులన్నీ అక్కడి అమ్మాయి పుస్తకం చూసి మళ్లీ కొట్టింది. సాయంత్రం దాకా నా మొహం చూడలేదు. అప్పటినుంచి బటన్‌ను నమ్మను, కేబుల్ పీకుతాను.

బూట్ అయ్యాక భాష ఎంచుకొని, ఇన్‌స్టాల్ నొక్కకుండా కింద ఉన్న రిపేర్ యువర్ కంప్యూటర్ నొక్కండి. తర్వాత ట్రబుల్‌షూట్, అందులో సిస్టమ్ ఇమేజ్ రికవరీ. బ్యాకప్ కనబడితే తేదీ సరిచూసి ముందుకు పోండి. డిస్కు కనబడకపోతే లోడ్ డ్రైవర్ దారిలో రెయిడ్ కంట్రోలర్ డ్రైవర్ ఇవ్వాలి. కంపెనీ సైటులో దొరికేది సెటప్ ఫైలు అయితే పనికిరాదు. దాన్ని విప్పి, లోపలున్న ఐఎన్ఎఫ్ ఫైలూ దాని తోటి ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి.

బార్ చివరికి వచ్చాక మెషిన్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. నెట్‌వర్క్ కేబుల్ ఇంకా పెట్టొద్దు.

నీలి తెర: 7బి

చుక్కలు తిరుగుతాయి, తర్వాత నీలి తెర, దానిమీద ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. పాతకాలం వాళ్లం దీన్ని ఎర్రర్ నంబరు పట్టి 7బి అంటాం. ఇమేజ్ చెడిపోయిందని మళ్లీ రీస్టోర్ మొదలుపెట్టకండి, మళ్లీ ఇదే వస్తుంది. లోపలి విండోస్‌కు కొత్త కంట్రోలర్ డ్రైవర్ బూట్ సమయంలో దొరకలేదు, అంతే.

మొదటి మందు సేఫ్ మోడ్. కొత్త కంట్రోలర్ మామూలు ఏహెచ్‌సీఐ అయితే దాని డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, నిద్రపోతూ ఉంటుంది. 2012, ఆ తర్వాతి వెర్షన్లలో ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపితే అది మేల్కొంటుంది. మళ్లీ మామూలుగా బూట్ చేస్తే చాలు. రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్ కమాండుతో సేఫ్‌బూట్ మినిమల్ అని పెట్టి రీస్టార్ట్ చేయాలి. లేచాక ఆ సెట్టింగు తీసేయడం మరవొద్దు, లేకపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది.

రెయిడ్ కార్డు అయితే సేఫ్ మోడ్ చాలదు, డ్రైవర్‌ను బయటినుంచే ఎక్కించాలి. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ముందు డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి చూడండి. రికవరీలో మీ సీ డ్రైవ్ డీగానో, ఈగానో కనబడుతుంది. విండోస్ ఫోల్డర్ ఉన్నది ఏదో తేల్చుకున్నాకే తర్వాతి కమాండు. అది డీ అని, డ్రైవర్లు ఉన్న పెన్‌డ్రైవ్ ఎఫ్ అని అనుకుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొట్టాలి:

డిజం /ఇమేజ్:డీ:\ /యాడ్-డ్రైవర్ /డ్రైవర్:ఎఫ్:\ /రికర్స్

డ్రైవర్ ఆ విండోస్ వెర్షన్‌దే అయి ఉండాలి. విజయవంతం అని రాగానే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. మిల్లులో నాకు రెండోసారికి లేచింది. మొదటిసారి నేను ఎక్కించింది 2019 డ్రైవర్, అక్కడున్నది 2016.

లేచాక, కేబుల్ పెట్టకముందు

డ్రైవ్ అక్షరాలు చూడండి. కొత్త డబ్బాలో డీవీడీ డ్రైవ్ ఉంటే డీ అక్షరాన్ని అది లాక్కొని, డేటా డ్రైవ్‌ను ఈకి నెట్టి ఉంటుంది. అప్పుడు షేర్లన్నీ మాయమవుతాయి, ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పక్కన రికవరీ పెండింగ్ అని కూర్చుంటుంది. భయపడాల్సింది లేదు. అక్షరాలు కాగితం మీద ఉన్నట్టు సరిచేసి రీస్టార్ట్ చేస్తే రెండూ తిరిగి వస్తాయి.

చిప్‌సెట్, తర్వాత నెట్‌వర్క్ డ్రైవర్ వేయండి. ఇప్పుడు పాత ఐపీ ఇవ్వబోతే, ఈ అడ్రస్ ఇప్పుడు మెషిన్‌లో లేని ఇంకో అడాప్టర్‌కు ఇచ్చి ఉందని విండోస్ అడ్డుపడుతుంది. పాత కార్డు పోయినా దాని దయ్యం రిజిస్ట్రీలో ఉంది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద షో హిడెన్ డివైసెస్ నొక్కితే నెట్‌వర్క్ అడాప్టర్లలో పాలిపోయిన రంగులో కనబడుతుంది, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పాత కంట్రోలర్లవి, డిస్కులవి కూడా ఉంటాయి, వాటిని వదిలేసినా నష్టం లేదు. తర్వాత ఐపీ ఇవ్వండి. డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీలు పంచే పని) ఈ సర్వరే చేస్తూ ఉంటే దాని బైండింగ్స్‌లో కొత్త కార్డుకు టిక్కు పెట్టాలి. ఇది మర్చిపోతే సర్వర్ బాగున్నట్టే ఉంటుంది, ఆఫీసులో కొత్తగా ఆన్ చేసిన సిస్టమ్‌కు మాత్రం ఐపీ రాదు.

గడియారం చూడండి. కొత్త బోర్డు ఏ తేదీలో ఉందో ఏమో. డొమైన్‌లో ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్లు తిరగ్గొడతాయి.

డొమైన్ కంట్రోలర్ అయితే

ఆఫీసులో ఇంకో డొమైన్ కంట్రోలర్ బతికి ఉంటే పాతదాన్ని లేపొద్దు. కొత్త సర్వర్ వేసి, దాన్ని డొమైన్ కంట్రోలర్‌గా పెంచి, చనిపోయినదాని రికార్డులు తుడిచేయడమే శుభ్రమైన దారి. ఒక్కటే ఉంటే లేపక తప్పదు. అప్పుడు బ్యాకప్ వయసు చూడాలి. యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్ ఖాతాల పుస్తకంలో) టూంబ్‌స్టోన్ గడువు, అంటే తుడిచేసిన ఖాతా గుర్తును ఉంచుకునే కాలం, మామూలుగా 180 రోజులు, అంతకంటే పాత బ్యాకప్ జోలికి పోవద్దు. రెండు నెలలు దాటిందే అయితే కొన్ని సిస్టమ్‌లు ట్రస్ట్ రిలేషన్‌షిప్ తెగిందని అంటాయి. సిస్టమ్‌లు తమ పాస్‌వర్డును 30 రోజులకోసారి తామే మార్చుకుంటాయి, వాటికి గుర్తుండేది ఇప్పటిది, దానికి ముందుది మాత్రమే. వాటిని డొమైన్‌లో మళ్లీ చేర్చుకోవాలి. పైన చెప్పిన సేఫ్ మోడ్ కూడా ఇక్కడ డీఎస్‌ఆర్‌ఎం పాస్‌వర్డు (డొమైన్ కంట్రోలర్‌గా చేసేటప్పుడు పెట్టిన రికవరీ పాస్‌వర్డు) అడుగుతుంది.

లేచాక లాగిన్లకు కావలసిన సిస్‌వాల్, నెట్‌లాగాన్ షేర్లు కనబడుతున్నాయా చూడండి. నెట్‌వర్క్ పబ్లిక్ అని పడి ఉంటే ఫైర్‌వాల్ అందరినీ బయటే ఆపుతుంది. కేబుల్ పెట్టి డీఎన్‌ఎస్ తనవైపే చూస్తోందని సరిచూసుకున్నాక, నెట్‌వర్క్ లొకేషన్ అవేర్‌నెస్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

లైనక్స్ వాళ్లకు

జబ్బు ఒకటే, పేర్లు వేరు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో ఎక్కే చిన్న ఫైలు) పాత మెషిన్ డ్రైవర్లతోనే తయారై ఉంటుంది. గ్రబ్ మెనూలో రెస్క్యూ కర్నెల్ ఎంచుకొని లేపండి, లోపలికి పోయి డ్రాకట్ కమాండుతో ఆ ఫైళ్లన్నిటినీ మళ్లీ తయారుచేయండి. కొత్త డిస్కు మీద పార్టిషన్లు కొత్తగా చేసి ఫైళ్లు కాపీ చేసి ఉంటే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో యూయూఐడీలు (పార్టిషన్ల గుర్తింపు నంబర్లు) మార్చాలి. నెట్‌వర్క్ కార్డు పేరు కూడా మారుతుంది. సెట్టింగుల్లో పాత పేరే ఉంటే ఐపీ ఎక్కదు, నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్‌మేనేజర్‌లోనో సరిచేయాలి.

కేబుల్

పాత మెషిన్ ఎవరో ఆన్ చేయకుండా దాని పవర్ కేబుల్ తీసి మీ సంచిలో వేసుకోండి. ఒకే పేరు, ఒకే ఐపీతో రెండు సర్వర్లు లేస్తే ఆ గొడవ తీర్చడం రీస్టోర్ కంటే కష్టం. తర్వాత నెట్‌వర్క్ కేబుల్ పెట్టి సర్వర్ ముందు కూర్చోకుండా లేచి, రోజూ వాడే మనిషి సీటు దగ్గరికి పోండి. ఆయన లాగిన్‌తో, ఆయన చేతులతో, ఆయన రోజూ చేసే పని చేయించండి.

మిల్లులో సాయంత్రం నాలుగున్నరకు కాటా గుమస్తా మొదటి బండి నంబరు కొట్టాడు. తూకం తెరమీద పడింది. ప్రింటర్ మాత్రం కదల్లేదు. అది పాత సర్వర్ ప్యారలల్ పోర్టుకు తగిలించి ఉండేదట, కొత్త డబ్బాకు ఆ పోర్టే లేదు. నా కాగితం మీద ఆ ముక్క లేదు. ఆరోజు చీటీలు చేత్తో రాశారు. మరుసటి రోజు యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ ఆదోని బజారులోనే దొరికింది. దాన్ని పెట్టి, మొదటి చీటీ చేతికి వచ్చాక, కొత్త మెషిన్‌కు మొదటి బ్యాకప్ మొదలుపెట్టి, ఫ్యాన్ ముందు దోమతెర గుడ్డ ఒకటి కట్టి బస్సెక్కాను.